కెమెరా నిలబడే చోటు

ఇన్నేళ్లూ నేను ఏదీ రాయకపోవడానికి కారణం నా చేతులు. అవి ఎప్పుడూ ఖాళీగా లేవు. సిరిసిల్లలో మగ్గాలున్న ఇంట్లో పుట్టాను. పలక పట్టాల్సిన వయసులో కుడిచేత్తో రాట్నం తిప్పడం, ఎడమచేతి వేళ్ల సందు నుంచి నూలు వదలడం నేర్పారు. మగ్గానికి నూలు కండెలు చుట్టేవాళ్లకు ఒక చెయ్యి ఆగితే రెండో చెయ్యి ఆగుతుంది, ఆ వెనుక మగ్గం ఆగుతుంది. మగ్గం ఆగితే ఇంట్లో అందరూ నా వైపు చూసేవారు. పెళ్లయ్యాక కండెలు పోయి బీడీలు వచ్చాయి. బీడీకి కూడా రెండు చేతులూ కావాలి.

యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. మా వాడలోకి రిటైరైన టీచరమ్మ ఒకామె అద్దెకు వచ్చింది. మధ్యాహ్నం పూట ఆమెకు పొద్దుపోయేది కాదు, నాకు మాట్లాడే మనిషి లేదు. "నేర్పిస్త, పుస్తకం తెచ్చుకో" అంది. మా ఇంట్లో పుస్తకం ఎక్కడిది? పెండ్లి కార్డులు మాత్రం సంచి నిండా ఉన్నాయి. దేవుడి బొమ్మ ఉన్న కాగితాన్ని చెత్తలో వేయడానికి మనసొప్పక దాచినవి. అవే పట్టుకెళ్లాను. కార్డులో ఏం రాసి ఉంటుందో ముందే తెలుసు గనుక అక్షరాలు తొందరగానే లొంగాయి. తడబడకుండా నేను చదివిన మొదటి పెద్ద మాట 'సపరివారంగా'. అందరూ నన్ను సపరివారంగా రమ్మన్నారు. నేను ఒక్కదాన్నే వెళ్లేదాన్ని.

నా భర్త భివండిలో మగ్గం పని చేస్తూ కామెర్లతో పోయాడు. అప్పటికి మా బిడ్డ చిన్నది. ఆ తర్వాత పెండ్లిళ్లలో నేను నిలబడే చోటు మారింది. వెనుకకు జరగమని ఎవరూ చెప్పలేదు. చెప్పే అవసరం ఎవరికీ రాకుండా నేనే జరిగాను. పందిట్లోకి వెళ్లగానే కాళ్లకు తెలిసిపోతుంది, ఎక్కడ ఆగాలో. మంటపం కనిపిస్తుంది, మనుషుల వీపులు కనిపిస్తాయి, పెళ్లికూతురి జడ కొస కూడా ఒక్కోసారి కనిపిస్తుంది. మొహం కనిపించదు.

నా సొంత బిడ్డ పెండ్లిలోనూ అంతే. కన్యాదానానికి దంపతులు కూర్చోవాలి గనుక మా మరిది, అతని భార్య కూర్చున్నారు. మా దిక్కు తోడికోడలిని యారాలు అంటారు. నా యారాలు మంచిదే. బిడ్డను తన బిడ్డలాగే చూసుకుంది. నా బిడ్డ తల మీద జీలకర్ర బెల్లం పెట్టే సమయానికి నేను వంటల దగ్గర ఉన్నాను. మేళం గట్టిగా మోగింది గనుక, అయిపోయిందని అర్థమైంది. ఆ పెండ్లి క్యాసెట్‌లో నేను ఒక్కచోట ఉన్నాను. నేను కాదు, నా చెయ్యి. పులిహోర గంప పట్టుకుని తెరలోకి వచ్చి వెళ్లిపోతుంది.

ఇది కన్నీళ్ల కథ అనుకోవద్దు. నేను దానికి అలవాటు పడ్డాను. కానీ మూడేళ్ల కింద జగిత్యాలలో ఒక పెండ్లికి వెళ్లినప్పుడు, వెనుక నిలబడి ఏమీ తోచక, కెమెరా అతన్ని చూడడం మొదలుపెట్టాను. భుజం మీద పెద్ద కెమెరా. "పంతులుగారు, జర పక్కకు" అంటే పంతులు జరిగాడు. "అమ్మా, తల లేపు" అంటే పెళ్లికూతురు తల లేపింది. పెళ్లికొడుకు తండ్రి అడ్డం వస్తే చేత్తో పక్కకు నెట్టాడు. నెట్టించుకున్న మనిషికి కోపం కూడా రాలేదు. ఆ కెమెరా అతను ఎవరు, ఏ ఇంటివాడు, పెండ్లాం ఉందా లేదా, ఎవరూ అడగలేదు. మంటపానికి ఎదురుగా, ఎవరికీ దొరకని చోట, రెండు గంటలు నిలబడ్డాడు.

ఆ రోజు నుంచి నాకు ఆ చోటు మీద ఆశ పుట్టింది.

సంగతి ఇంకొకటి ఉంది. మా యారాలి బిడ్డకు సంబంధాలు చూస్తున్నారు. నన్ను 'పెద్దమ్మా' అని పిలుస్తూ నా ఇంట్లో ఎండాకాలాలు గడిపిన పిల్ల. నా బిడ్డ మొహం చూడలేకపోయాను, కనీసం ఈ పిల్ల మొహమైనా జీలకర్ర బెల్లం పెట్టే సమయానికి ఎదురుగా నిలబడి చూడాలని మనసులో పెట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఇలాంటి కోరిక చెప్పడానికి కూడా ఒక మనిషి ఉండాలి.

ముందు ఫోన్‌తో ప్రయత్నం చేశాను. భివండికి కాపురానికి పోయిన నా బిడ్డ పంపిన ఫోన్ ఉంది. ఒక పెండ్లిలో దాన్ని ఎత్తి పట్టుకుని ముందుకు పోయాను. ఎవరిదో మోచెయ్యి తగిలింది, ఇంకెవరో "అవ్వా, అడ్డం జరుగు" అన్నారు. ఫోన్ అందరి దగ్గరా ఉంది గనుక ఫోన్‌కు ఎవరూ దారి ఇవ్వరు. దారి ఇచ్చేది భుజం మీది కెమెరాకే.

జగిత్యాలలో టవర్ దగ్గర ఒక స్టూడియోలో అలాంటి కెమెరానే అద్దాల బీరువాలో బయటికి కనిపించింది. లోపలికి వెళ్లాను. స్టూడియో అతను నా ఈడువాడే. కంప్యూటర్ ముందు కూర్చుని ఎవరిదో మొహం తెల్లగా చేస్తున్నాడు.

"ఫొటోనా అమ్మా? పాస్‌పోర్ట్ సైజా?"

"గా కెమెరా అమ్ముతవా?"

అతను వెనుకకు తిరిగి బీరువా వైపు చూశాడు. అది అక్కడున్న సంగతి మరిచిపోయినట్టు చూశాడు. "ఎవలికి? కొడుక్కా?"

"కొడుకు లేడు. నాకే."

"నీకా! నువ్వేంజేస్తవమ్మా? గది టేపు కెమెరా. గిప్పుడు ఎవలు తీస్తున్నరు దాంతోని? డ్రోన్లు అచ్చినయ్. గిప్పుడు పెండ్లి ఆకాశం నుంచి తీస్తరు."

"నాకు ఆకాశం అద్దు. ఎదురుంగ నిలవడి తీసేది కావాలె."

అతను నవ్వాడు గానీ వెటకారంగా నవ్వలేదు. కెమెరా తీసి దుమ్ము తుడిచాడు. చిన్నపిల్లను ఇచ్చినట్టు రెండు చేతులతో నాకు ఇచ్చాడు. భుజం కుంగింది. బియ్యం మూట మోసిన భుజమే గానీ ఆ బరువు వేరుగా ఉంది. మూట వెనుకకు లాగుతుంది, ఇది ముందుకు లాగుతుంది.

"సూడమ్మా, అబద్ధం చెప్పి అమ్మను నేను. పక్కన మడత తెర ఉంటది, గది పోయింది. కన్ను పెట్టే గొట్టంలనే సూడాలె. గొట్టంల నలుపు తెలుపే కనవడ్తది, రంగులు కనవడయ్. టేపుల మాత్రం రంగులే అస్తయ్. బ్యాటరీ ముసల్దైంది, ఎక్కువసేపు ఉండది. టేపులు బయట దొరుకుడు కష్టం, నా దగ్గర ఉన్నయి ఇస్త."

అంత చెప్పాక కూడా నేను కదలకపోయేసరికి అతనే ఉత్సాహపడ్డాడు. సెకండ్ హ్యాండ్ కెమెరా కొనేవాళ్లు ఏం చూడాలో నాకు చూపించాడు. గొట్టంలో బొమ్మ కనిపించగానే సంబరపడి కొనొద్దన్నాడు. బొమ్మ కనిపించడం వేరు, టేపు మీద పడడం వేరు. ఒక టేపు వేసి వీధిలోకి తిప్పి తీయమన్నాడు. ఆటోలు, అరటిపండ్ల బండి, బస్టాండు వైపు పరిగెత్తే ఒక ఆడమనిషి. తర్వాత వైరు పెట్టి టీవీలో వేసి చూపించాడు. చారలు, గళ్లు లేకుండా బొమ్మ నిలకడగా ఉంటే, టేపు మీద బొమ్మ రాసే లోపలి తల బాగున్నట్టు. టేపు తిరిగే చప్పుడు వినమన్నాడు. విన్నాను. నిజం చెప్పాలంటే నాకేమీ తెలియలేదు. తెలిసినట్టు తలూపాను.

"అద్దాన్ని ఏలుతోని ముట్టకు. గదొక్కటి యాదివెట్టుకో" అని బస్సెక్కేదాకా చెప్పాడు.

సిరిసిల్ల బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్క సీటామె "ఏంది, కుట్టు మిషనా?" అని అడిగింది. అవునన్నాను. లేకపోతే ఊరు వచ్చేదాకా చెప్పాల్సి వచ్చేది.

మా ఇంటి ఓనరమ్మ నాకంటే చిన్నది, అక్కా అని పిలుస్తుంది. కెమెరాను చూసి నోరు తెరిచింది. "ఇంట్లకు కొత్త సామాను అచ్చినంక బొట్టు వెట్టకుంట ఎట్లుంచుతవ్ అక్కా?" అంది. బండి కొన్నా ఫ్రిజ్ కొన్నా మా దిక్కు బొట్టు పెట్టకుండా వాడరు. నేను పెట్టకూడదు గనుక ఆమెనే పెట్టమన్నాను. పసుపు కలిపింది, వేలికి నూనె తడి చేసి కుంకుమ తీసుకుంది, కెమెరా చుట్టూ చూసింది. ముందున్న గుండ్రటి అద్దం ఆమెకు మొహంలా కనిపించింది కాబోలు. దాని నడిమధ్యన పెట్టింది. నిండుగా, అందంగా పెట్టింది. కొబ్బరికాయ కొట్టింది, నిమ్మకాయ తిప్పింది.

స్టూడియో అతని మాట అప్పుడు గుర్తుకొచ్చింది. ఆమె వెళ్లాక కొంగుతో మెల్లగా తుడిచాను. గొట్టంలో కన్ను పెట్టి చూశాను. గోడ గోడలాగే, తలుపు తలుపులాగే ఉన్నాయి. పోయిందనుకున్నాను.

ఆ తర్వాత కొన్ని నెలలు నేను మా గదినే తీశాను. ఇంకేం ఉంది తీయడానికి? బీడీ ఆకు నానబెట్టిన గుడ్డ, గ్యాస్ పొయ్యి, కిటికీలోంచి కనిపించే మగ్గాల షెడ్డు గోడ. టేపులు పొదుపుగా వాడాలని తీసినదాని మీదే మళ్లీ తీసేదాన్ని. వేసి చూసుకోవడానికి నా దగ్గర టీవీ లేదు. ఆ గొట్టంలోనే వెనక్కి తిప్పి చూసేదాన్ని, పక్కనున్న చిన్న స్పీకరుకు చెవి ఆనించి వినేదాన్ని. మొదటిసారి విన్నప్పుడు ఎవరిదో ఊపిరి వినిపించింది. దగ్గు, గాజు గ్లాసు పెట్టిన చప్పుడు, మళ్లీ ఊపిరి. నాదేనని తెలియడానికి కాసేపు పట్టింది. తెలిశాక కూడా ఆపబుద్ధి కాలేదు. ఆ గదిలో ఇంకో మనిషి చప్పుడు విని చాలా ఏళ్లైంది.

ఒక పొద్దున యారాలు కోరుట్ల నుంచి ఫోన్ చేసింది. పిల్ల పెండ్లి కుదిరింది. కార్డు పంపింది, నేను కెమెరా కొన్న సంగతి ఎవరి నోటనో విని మళ్లీ ఫోన్ చేసింది.

"అక్కా, గా కెమెరా నిజంగనే నడుస్తదా?"

"నడుస్తది."

"అయితె పట్టుకొని రా. మైలపోలు నాడు మగోళ్లు తీస్తె కూసోనని పిల్ల మొండికేస్తున్నది. తడిశిన చీరతోని గాళ్ల ముంగట ఎట్ల కూసుంటనని. నువ్వు తియ్యి."

పెండ్లికి ముందు రోజు పిల్లను పీట మీద కూర్చోబెట్టి, నూనె, పసుపు రాసి, ముత్తైదువలు నీళ్లు పోసేదే మైలపోలు. మగవాళ్లు రాకూడదని పిల్ల అంది. నాలాంటిది రాకూడదని ఎవరూ అనకపోయినా అది అందరికీ తెలుసు. యారాలు అదేమీ ఆలోచించలేదో, ఆలోచించే అడిగిందో నేను అడగలేదు. నా బిడ్డ బాలింత గనుక రాలేదు. నేనొక్కదాన్నే కెమెరా సంచితో వెళ్లాను.

కోరుట్లలో వాళ్ల ఇంటి వెనుక వాకిట్లో పీట వేశారు. నేను భుజం మీద కెమెరా పెట్టుకుని వచ్చేసరికి మా పెద్ద ఆడబిడ్డ, అంటే నా భర్త అక్క, పసుపు గిన్నె పట్టుకుని ఆగిపోయింది.

"గీమె ఎందుకచ్చింది ఈడికి?" అని యారాలిని అడిగింది. నన్ను అడగలేదు.

"కెమెరాకు అచ్చింది వదినె. మగోళ్లను రానియ్యద్దంటున్నది కదా నీ మేనకోడలు."

"కెమెరా అయితె సరే. పిల్ల మీద చెయ్యి పెట్టకుంట సూడు."

నేను గొట్టంలో కన్ను పెట్టాను. లోపల అందరూ బూడిద రంగులో, గోరంత గోరంత ఉన్నారు. పసుపు బూడిద రంగు, కుంకుమ నలుపు. "జర జరుగుండ్రి" అన్నాను. జరిగారు! మా ఆడబిడ్డ కూడా జరిగింది. ఆ వాకిట్లో నా మాటకు మనుషులు జరగడం నా జీవితంలో అదే మొదలు. పిల్ల నా వైపు చూసి నాలుక బయటపెట్టింది. అది కూడా తీశాను.

మధ్యాహ్నం అన్నాలయ్యాక అందరూ చూస్తామన్నారు. పెండ్లి తీయడానికి మాట్లాడిన కోరుట్ల స్టూడియోవాళ్లు లైట్లు, వైర్లు సర్దడానికి వచ్చి ఉన్నారు. వాళ్లలో పెద్దాయనే నా కెమెరాను టీవీకి తగిలించాడు. బొమ్మ వచ్చింది. పిల్ల, పీట, నీళ్లు, ముత్తైదువలు. అన్నిటి మీదా నడిమధ్యలో ఎర్రటి మసక. ఎవరో పొగలో కారం చల్లినట్టు.

"పెద్దమ్మా, నేను కాలిపోతున్ననా ఏంది!" అని పిల్ల పడి పడి నవ్వింది.

ఆయన కెమెరా తిప్పి అద్దాన్ని చూశాడు. దాని అంచున వేలు పెట్టి తీసి అందరికీ చూపించాడు. వేలు ఎర్రగా ఉంది. "అమ్మా, కుంకుమ! కెమెరాకు బొట్టు మేం గూడ పెడ్తం. నెత్తి మీద పెడ్తం. కంట్లె పెడ్తరా ఎవలన్న?"

ఇల్లంతా నవ్వింది. నేనూ నవ్వాను. కొంగుతో తుడిచినప్పుడు అది పోలేదు, నూనెతో అద్దమంతా పరుచుకుంది. ఇన్ని నెలలూ నేను చూసింది నలుపు తెలుపులో గనుక తెలియలేదు. నవ్వుతూనే వంచిన తల ఎత్తలేకపోయాను. ఆ పూట తీసినవన్నీ మళ్లీ తీయలేనివి. మైలపోలు రెండోసారి ఉండదు. మా ఆడబిడ్డ ఒక్కతే నవ్వలేదు. లేచి వంటింట్లోకి పోయింది.

సాయంత్రం నేను వెనుక వరండాలో బట్టలు తీస్తున్నాను. వంటింట్లోంచి ఇద్దరి మాటలూ వినిపించాయి.

"రేపు పొద్దున తాళి కట్టేటప్పుడు గామెను ఎదురుంగ నిలవెట్టకు" అంటోంది ఆడబిడ్డ.

"కెమెరా పనికి వదినె" అంది యారాలు. "అందరు కెమెరాను సూస్తరు గని, ఎనుక ఎవలున్నరో ఎవలు సూస్తరు?"

"కెమెరా ఎనుక ఉన్నది మనిషే గదనే."

నేను ఆరిన చీరను అలాగే పట్టుకుని ఉన్నాను. నా తరఫున మాట్లాడినామె నన్ను లెక్కలోంచి తీసేసింది. వద్దన్నామె నన్ను మనిషి అంది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు.

చీకటి పడే ముందు యారాలు టీ గ్లాసుతో వచ్చి నా పక్కన కూర్చుంది. "అక్కా, పొద్దున స్టూడియోవాళ్లే తీస్తరు తియ్యి. భుజం నొస్తుందేమో. నువ్వు కూసొ, మంచిగ సూడు" అంది. ప్రేమగానే అంది. కూర్చోమంటే ఎక్కడ కూర్చోవాలో ఇద్దరికీ తెలుసు.

పొద్దున అందరికంటే ముందు లేచి స్నానం చేశాను. పలుచటి మల్లు గుడ్డ తడిపి, పిండి, అద్దాన్ని నడిమి నుంచి అంచు వరకు తుడిచాను. గుడ్డకు ఎరుపు అంటడం ఆగేదాకా తుడిచాను. కొత్త టేపు వేశాను. ఫంక్షన్ హాలుకు సామాన్లు తీసుకెళ్లే ఆటోలో అరటి గెలల పక్కన కూర్చుని వెళ్లాను. యారాలు నన్ను మంటపం ముందు చూసేసరికి ముహూర్తం దగ్గరపడింది. కళ్లతోనే 'అక్కా' అంది. నేను గొట్టంలో కన్ను పెట్టుకున్నాను. స్టూడియో పెద్దాయన మాత్రం కాస్త జరిగి, "ఇటు నిలవడమ్మా, నా వైరు తొక్కకు" అన్నాడు.

తెర పట్టారు. మేళం ఊపందుకుంది. తమలపాకులో జీలకర్ర బెల్లం పట్టుకుని ఇద్దరూ ఒకరి తల మీద ఒకరు చెయ్యి పెట్టారు. తెర దించారు. గొట్టంలో గోరంత బూడిద రంగు మొహం. నేను కన్ను తీసేశాను. కెమెరా ఎటు చూస్తుందో పట్టించుకోలేదు. అది హాలు కప్పును తీసిందని తర్వాత తెలిసింది.

ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దూరంలో, పిల్ల మొహం. పసుపు ఇంకా చెవుల దగ్గర ఉంది. ఎర్రబడ్డ ముక్కు, రాత్రి నిద్రలేని కళ్లు. జీలకర్ర బెల్లం పాపిట్లోంచి జారి కణత మీదుగా కంటి వైపు వస్తోంది. పెళ్లికొడుకు తల మీది నుంచి తన చెయ్యి తీయకూడదు గనుక తుడుచుకోలేక, కన్ను చికిలించి, నన్ను చూసింది. కెమెరాను కాదు, నన్నే చూసింది. ఆమె పక్కన మా ఆడబిడ్డ నిలబడి ఉంది.

కుడి భుజం మీద బరువు అలాగే ఉంచి, ఎడమచేత్తో నా కొంగు తీసి, పిల్ల కణత మీద పెట్టి, కంటిదాకా వచ్చిన బెల్లాన్ని తుడిచాను. ఎవరూ ఏమీ అనలేదు. అన్నారేమో, మేళం చప్పుడులో నాకు వినిపించలేదు.